లేచి నిలబడి చూడాల్సిన ఆట

మా పెద్ద ఫోర్‌మన్ పోయారన్న కబురు గురువారం పొద్దున డ్యూటీ బస్సులో తెలిసింది. సల్మాబాద్ క్యాంపు నుంచి హమద్ టౌన్‌లో సైటుకు పోతున్నాం. ఫోన్‌లో ఆయన కూతురు మెసేజీ, ఇంగ్లీషులో నాలుగు లైన్లు. నాన్న ఆదివారం నిద్రలోనే వెళ్ళిపోయారు, కొంతకాలంగా ఊపిరితిత్తుల జబ్బుతో ఉన్నారు, బహ్రెయిన్‌లో మీ అందరి గురించి తరచూ చెప్పేవారు, మీ దగ్గర ఆయన ఫొటోలుంటే పంపండి అని. రెండుసార్లు చదివాను. పక్క సీటాయన "ఏమైందే?" అంటే ఫోన్ అతని చేతికిచ్చాను.

ఆయన నాకు చుట్టం కాదు, వీసా ఇచ్చిన కఫీల్ కాదు, మన దేశపు మనిషి కూడా కాదు. ఆయన చేతి కింద పదకొండేళ్ళు ఇనుము కోశాను, అతికాను, అంతే. అంతమాత్రానికే ఒక మనిషి కోసం ఇంత బెంగ పడతారా అని మీరు అడగొచ్చు. పడతారు. ఎందుకో చెబుతాను.

ఆయన పాస్‌పోర్టు స్పెయిన్‌ది. మేం 'స్పెయిన్ సార్' అంటే మాత్రం మొహం ముడుచుకునేవారు. "నేను బాస్క్" అనేవారు. కొండలకూ సముద్రానికీ నడుమ వాళ్ళ ఇలాకా ఉందట. భాష వేరు, పండగలు వేరు. మొదట్లో మాకిదేం పట్టలేదు. ఒకరోజు నేనే అన్నాను: "సార్, నేను బహ్రెయిన్‌లో ఉన్నానని మా ఊళ్ళో ఒక్కరూ అనరు. దుబాయి పోయిండు అంటారు. మా అమ్మ కూడా అంతే." ఆయన పడీపడీ నవ్వారు. ఆ రోజు నుంచి నన్ను 'దుబాయివాలా' అనడం మొదలుపెట్టారు, నేను స్పెయిన్ అనడం మానేశాను.

మాతో ఆయన మాట్లాడింది క్యాంపు హిందీ. గల్ఫులో అన్నేళ్ళుంటే రాకేం చేస్తుంది? అందులో కాసిని అరబ్బీ ముక్కలు, మా దగ్గర ఏరుకున్న తెలుగు ముక్కలు కలిపేవారు. "యల్లా, యల్లా... మెల్లగా" అన్నది ఆయన ఊతపదం. తొందరపెడుతూనే తొందరపడొద్దనే ఫోర్‌మన్‌ను నేనింకెక్కడా చూడలేదు. అతుకు చల్లారాక బొటనవేలితో దాని పొడవునా నిమిరేవారు. బాగుంటే ఏమీ అనరు. బాగా లేకపోతే "ఇది మీ ఇంటి గేటైతే ఇలాగే వదిలేస్తావా?" అని అడిగేవారు. మా ఇంటికింకా గేటే పెట్టించలేదు సార్ అని ఒకసారి నోరు జారాను. "అయితే ఇదే నీ గేటు. మళ్ళీ కోయి" అన్నారు. కోశాను.

పండగలొస్తే మాత్రం ఆ మనిషే వేరు. చాయ్ టైంలో సుద్దముక్క తీసుకుని ఇనుపరేకు మీద వాళ్ళ మాట ఒకటి రాసేవారు. పండగను 'జాయి' అంటారు. శుభాకాంక్షలు చెప్పాలంటే 'సోరియొనక్'. కృతజ్ఞత చెప్పాలంటే 'ఎస్కెర్రిక్ అస్కో'. రెండు జట్లు తాడు లాగే పోటీ 'సొకతిరా'. క్రిస్మస్‌కు కొండ దిగి వచ్చి పిల్లలకు బహుమతులిచ్చే బొగ్గులు కాల్చే మనిషి 'ఒలెంట్సెరో'. ఆయన మొహమంతా మసేనట. డ్యూటీ దిగిన మా మొహాలు చూసి, "నా దగ్గర ఇరవై మంది ఒలెంట్సెరోలున్నారు, ఒక్కడూ బహుమతి తేడు" అని ఎగతాళి చేసేవారు. ఆ మాటలన్నీ నేను తెలుగు అక్షరాల్లో నా అల్మారా తలుపు లోపలివైపు రాసుకున్నాను. ఇప్పటికీ ఉన్నాయి, కొన్ని చెరిగాయి.

ఒక ఫిబ్రవరిలో సాంతా అగెదా అనే వాళ్ళ దేవత పండగ గురించి చెప్పారు. ముందురోజు సాయంత్రం జనం గుంపుగా ఇల్లిల్లూ తిరిగి, పొడుగాటి కర్రలతో నేల మీద దరువేస్తూ పాడతారట. ఇంటివాళ్ళు కోడిగుడ్లో, మరొకటో ఇస్తారట. వింటూనే మా నిజామాబాద్, జగిత్యాల వాళ్ళందరం ఒక్కసారే లేచాం. "సార్, ఇది మా జాజిరి! కాముని పున్నానికి మేము ఆడేది!" ఆయన నమ్మలేదు. ఆ శుక్రవారమే పైపుల షెడ్డులోంచి చెక్కకర్రలు తెచ్చి, క్యాంపులో గది గది తిరిగాం. ఆయన వాళ్ళ దరువు, మేం మా దరువు. కలిసిన చోట కలిసింది, కలవని చోట నవ్వుకున్నాం. గుడ్లు మాత్రం బాగా వచ్చాయి. మా మెస్సులో వండే లింగన్న వాటన్నిటితో పులుసు పెట్టాడు. "సార్, మీ దేవత మంచిదే, మా కడుపు నింపింది" అని ఫోర్‌మన్ గిన్నెలో రెండు గుడ్లు ఎక్కువేశాడు.

అసలు చెప్పాల్సిన ఆట ఇంకొకటుంది. దాని పేరు ఔర్రెస్కు.

మా దగ్గర రంగులేసే పెద్దాయన ఒకాయన పని మానుకుని శాశ్వతంగా ఇంటికి పోయే రోజున సైటులో దాన్ని మొదటిసారి చూశాను. మేం శాలువా కప్పాం, దండ వేశాం, కేకు కోయించాం. అంతా అయ్యాక ఫోర్‌మన్ తన పెట్టెలోంచి నల్లటి గుండ్రటి ఉన్నిటోపీ తీసి పెట్టుకున్నారు. దాన్ని 'చపేలా' అంటారు. పెద్దాయన్ను లేచి నిలబడమన్నారు. మమ్మల్నందరినీ లేవమన్నారు. తర్వాత ఆ రంగుల మనిషి ఎదురుగా వచ్చి, టోపీ తీసి, తల వంచి, ఆట మొదలుపెట్టారు. నడుము నిటారుగా ఉంది, చేతులు రెండూ పక్కన కదలకుండా ఉన్నాయి, కాళ్ళే ఆడుతున్నాయి. ఉన్నట్టుండి ఒక కాలు తల ఎత్తుకు లేచింది. అరవయ్యేళ్ళ మనిషి! ముందు మాలో కొందరు కిసుక్కుమన్నారు. కాసేపటికి ఆ నవ్వులు ఎక్కడికి పోయాయో తెలియదు. మా మీద అజమాయిషీ చేసే మనిషి, హెల్పర్‌గా వచ్చి హెల్పర్‌గానే పోతున్నవాడి ముందు టోపీ చేత పట్టుకుని వంగాడు. పెద్దాయన దండం పెట్టి అలాగే నిలబడ్డాడు. కళ్ళు తుడుచుకోవడం కూడా మర్చిపోయాడు.

ఇది ఎవరి ముందు ఆడతారు సార్ అని మర్నాడు అడిగాను. "గౌరవించాలనుకున్నవాళ్ళ ముందు. పెళ్ళికూతురు కావచ్చు, పెద్దవాళ్ళు కావచ్చు, పోయినవాళ్ళకైనా ఆడతారు. కానీ కుర్చీలో కూర్చున్నవాడికి ఆడరు. ఆయన నిలబడాలి, చూసేవాళ్ళూ నిలబడాలి" అన్నారు. నాకు నేర్పండి అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు, నోట్లోంచి వచ్చేసింది.

ఆరు శుక్రవారాలు గోదాం వెనక నేర్పారు. 'చిస్తు' అని మూడు చిల్లుల పిల్లనగోవి, దాన్ని ఎడమచేత్తో పట్టుకుని వాయించేవారు. ఆయన ఊదుతుంటే సాధన కోసమని ఫోన్‌లో రికార్డు చేసుకున్నాను. నా కాలు నడుము దాటి లేచేది కాదు. "యల్లా... మెల్లగా" అనేవారు. ఆరో వారానికి ఛాతీదాకా లేచింది. ఆ రోజు ఆయన ఏమీ అనలేదు. అంటే బాగుందని అర్థం.

ఆ మరుసటి ఏడాది ఆయనే రిటైరై వాళ్ళ ఊరికి బయల్దేరారు. వీడ్కోలు రోజుకని నేను జిదాఫ్స్ బజారుకు పోయి తెల్ల గుడ్డబూట్లు కొనుక్కున్నాను. ఎవరితోనూ చెప్పలేదు. క్యాంపు ముందు షామియానా వేశారు. మనవాళ్ళే కాదు, బెంగాలీలు, పాకిస్తానీలు అంతా వచ్చారు. మా మర్యాద మాకు తెలిసినట్టే చేశాం. క్యాంపులో ఉన్న ఒకే ఒక మెత్తటి కుర్చీ తెచ్చి, ఆయన్ను అందులో కూర్చోబెట్టి, దండ వేసి, శాలువా కప్పాం.

ఆయన లేచి నిలబడ్డారు.

"కూసోండి సార్, కూసోండి! మీరు నిలబడుడేంది?" అని మావాళ్ళు భుజాలు పట్టుకుని కూర్చోబెట్టారు. కాసేపటికి మళ్ళీ లేచారు. మళ్ళీ కూర్చోబెట్టారు. మూడోసారి లేచినప్పుడు ఆయన కళ్ళు జనంలో వెతుకుతూ వచ్చి నా మీద ఆగాయి. రెండో వరసలో ఉన్నాను, కొత్త బూట్లు వేసుకునే ఉన్నాను. అంతమంది ముందు, మీసాలున్న మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి కాలు ఎగరేస్తే ఏమంటారో అనిపించింది. తల దించుకున్నాను. ఈసారి ఎవరూ చెప్పకుండానే ఆయన కూర్చున్నారు.

సామాన్ బండికి ఎక్కించాక నన్ను పక్కకు పిలిచి తన చపేలా నా చేతిలో పెట్టారు. నా కాళ్ళ వైపు చూశారు. "కొత్త బూట్లా? బాగున్నాయి. పనికొస్తాయి" అన్నారు. ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది. ఆ బూట్లు మూడేళ్ళు అల్మారాలోనే ఉన్నాయి, నాలుగు నెలల కిందట ఆయన ఫోన్ చేసేదాకా బయటికి తీయలేదు.

ఆ ఫోన్‌లో ఆయన గొంతు పీలగా ఉంది, మధ్యమధ్య దగ్గు. అన్ని రోజులుగా మింగలేకపోతున్న మాట అప్పుడు కక్కేశాను. "సార్, మీరు మూడుసార్లు లేచారు. నేను చూశాను. సిగ్గుపడ్డాను. మాఫ్ చేయండి." అటువైపు చాలాసేపు దగ్గు వినబడింది, తర్వాత నవ్వు. "దుబాయివాలా, నేనొక్కడినేనా నిలబడేవాణ్ణి? అక్కడ ఇంకా ఎంతమంది లేరు?" అన్నారు. బూట్లు ఉన్నాయా అని అడిగారు. ఉన్నాయన్నాను. ఆ సాయంత్రమే గోదాం వెనక్కి పోయాను. ప్రతి శుక్రవారం పోతున్నాను.

బస్సులో మెసేజీ చదివిన రోజున ఆయన కూతురికి ఫొటోలన్నీ పంపి, ఒకటే ప్రశ్న అడిగాను. ఆయన్ను సాగనంపేటప్పుడు ఎవరైనా ఔర్రెస్కు ఆడారా? ఆడారు, చర్చి గుమ్మం ముందు మా పక్కింటాయన ఆడాడు, ఊరంతా లేచి నిలబడింది అని రాసింది. ఆయనకు దక్కాల్సింది దక్కిందని గుండె తేలికపడింది. నేను చేయాల్సింది మాత్రం అలాగే ఉంది.

ఆ మర్నాడు శుక్రవారం. లింగన్న ఇంటికి పోయే రోజు అది. ఇరవై రెండేళ్ళు మాకు వండిపెట్టిన మనిషి, మళ్ళీ రాడు. మధ్యాహ్నం మెస్సు ముందు అందరం చేరాం. ఆఖరిసారి నా చేతి చాయ్ తాగిపోండ్రని పొయ్యి మీద పెద్ద గిన్నె పెట్టి వచ్చాడు. మావాళ్ళు అలవాటుగా ఆ మెత్తటి కుర్చీ తెచ్చి, ఆయన్ను కూర్చోబెట్టి దండ వేశారు. నేను గదికి పోయి అల్మారా తెరిచి బూట్లు వేసుకున్నాను. లేసు రెండుసార్లు విప్పి కట్టాను. చపేలా పెట్టుకుని లింగన్న ముందుకొచ్చాను.

"లే అన్నా. లేచి నిలబడు. ఈ ఆట కూసోని సూసేది కాదు."

"ఏందిరా, ఆ టోపేంది? నన్నెందుకు నిలబెడుతున్నవ్? పొయ్యి మీద చాయ్ ఉన్నది."

"ఉండనియ్. జెర నిలబడు."

లింగన్న లేచాడు. నేను కుర్చీ వెనక్కి జరిపాను. గుంపులో ఎవరో నవ్వారు, ఒకడు ఈల వేశాడు. ఫోన్ నొక్కి బెంచీ మీద పెట్టాను. చిస్తు మోగింది. గోదాం వెనక ఎండలో నిలబడి ఫోర్‌మన్ ఊదిన పాటే, నడుమ ఆయన ఊపిరి తీసుకోవడం కూడా వినపడుతోంది. ఆ ఊదేది ఎవరో పాతవాళ్ళు గుర్తుపట్టారు. నవ్వులు ఆగిపోయాయి. టోపీ తీసి, తల వంచి, మొదలుపెట్టాను. రెండుచోట్ల అడుగు తప్పింది. కాలు ఛాతీ దాటలేదు. ఏం ఫరవాలేదు, లింగన్న ఈ ఆట ఎప్పుడూ చూడలేదు, ఎలా ఉండాలో తెలియదు కదా. చివర్లో టోపీ చేతపట్టి వంగాను. తల ఎత్తేసరికి లింగన్న తన తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి, రెండు చేతులా పట్టుకుని, నాకంటే కిందికి వంగి ఉన్నాడు.

పాట అయిపోయింది. ఫోన్ ఆపడం మర్చిపోయాను. ఫోన్‌లోంచి కొంచెం దగ్గు, ఆ తర్వాత ఆయన మాట వచ్చింది. "యల్లా... మెల్లగా. ఇంకోసారి."

లోపల చాయ్ పొంగి పొయ్యి మీద పడి చుయ్‌మంది. ఏలకుల వాసన బయటిదాకా వచ్చింది. అందరం నిలబడే ఉన్నాం, ఒక్కరూ కదల్లేదు.