మిగిలిన సగం

హమానా సరస్సు ఒడ్డున కొండ నిండా కమలాతోటలే. చలికాలమంతా పండ్లు తినీ తినీ అక్కడివాళ్ళ అరచేతులు పసుపు రాసుకున్నట్టవుతాయి. తెల్లచేతులు కనిపిస్తే "ఏ ఊరు నీది?" అని ఆటపట్టిస్తారు.

డెబ్బై మూడేళ్ళ తొయొనో ఏటా చేయించుకునే రక్తపరీక్షకు వచ్చి చేయి చాపింది. నర్సు సాయోరి సూది పక్కన పెట్టేసింది.

"ఇవి నీ చేతులేనా పిన్నీ? ఎవరి దగ్గరైనా అరువు తెచ్చావా?"

తొయొనోకు నవ్వు రాలేదు. గెన్సాకు అనే ఆమె భర్త కిందటేడు చలికాలంలో చనిపోయాడు. అడుగున వేడి అమర్చి దుప్పటి కప్పిన బల్ల దగ్గర కూర్చుని, నలభై ఎనిమిదేళ్ళు ఆయన పండు వొలిచి సగం ఆమె చేతిలో పెట్టాడు. ఇప్పుడు తనే వొలిస్తే మిగతా సగం ఎవరికివ్వాలో ఆమెకు తోచదు. అందుకే తీపి బన్ను కొనుక్కుని, వంటింట్లో నిలబడే తినేస్తోంది.

పదిరోజులకు సాయోరి కాగితం పట్టుకుని ఇంటికే వచ్చింది.

"షుగరు గడప దాకా వచ్చింది పిన్నీ. ఇంకొక్క అడుగు వేస్తే మందులే."

అంటూనే ఆమె ముక్కు మూసుకుంది. గెన్సాకు ఫోటో ముందు నైవేద్యం పెట్టిన కమలాపండ్లు బూజు పట్టి కుప్పగా ఉన్నాయి. పెద్దలకు పెట్టింది కాసేపాగి దించి ఇంట్లోవాళ్ళు తినడం అక్కడి ఆచారం.

"దించలేదేం?"

"ఆయన వాటా కదే. ఎలా ముట్టుకోను?"

"బాగుంది! నువ్వు ముట్టకపోతే ఆయన గొంతు దిగుతుందా? బాబాయ్ ఏనాడైనా ఒక్కడే తిన్నాడా?"

తొయొనో ఏప్రాను అంచుతో కళ్ళు తుడుచుకుంది. ఆయన లేని లోటు ఆమెను నిలువునా కోసింది.

"పండే మందని నేననను. ఆ బన్నులు మానెయ్. రోజుకు రెండు పండ్లు తిను, తోటదాకా నడు" అని సాయోరి బూజు పండ్లన్నీ ఎత్తి పారేసింది.

మర్నాడు తొయొనో ఫోటో ముందు ఒక పండు పెట్టి గంట కొట్టింది. ఆయన తినేంతసేపు ఆగి, దించి వొలిచింది. అలవాటుగా సగం బల్ల అవతలికి జరిపింది. చాలాసేపు దానివంకే చూసింది. చివరికి అదీ తినేసింది.

మార్చిలో మళ్ళీ పరీక్ష చేస్తే షుగరు కాస్త వెనక్కి తగ్గింది. తొయొనో ఇంటికొచ్చి పసుపెక్కిన రెండు అరచేతులూ ఫోటోకు చూపించింది.

"చూశారా? మీ సగం కూడా నేనే తినేస్తున్నాను."