ఎవారిస్తో ఏరిన ఇనుము

ఫ్రెస్నోలో టిప్పర్ నడిపే ఎవారిస్తో మగాన్యాకి, తనంత నీటుగా పనిచేసే మనిషి కాలిఫోర్నియా మొత్తంలో లేడని గట్టి నమ్మకం ఉండేది. ఆ నమ్మకంతో తనతోపాటు తోటి డ్రైవర్లు ఐదుగుర్ని ఎలా ముంచాడో ఇప్పుడు తనే చెప్పుకుని నవ్వుతాడు. వినేవాళ్ళు సరిగ్గా నవ్వకపోతే, "ఇంతకన్నా వెధవ పని ఇంకెవడైనా చేశాడా? నవ్వండయ్యా" అని నొచ్చుకుంటాడు కూడా.

అది పాత సర్కారు బడి కూలగొట్టే పని. విరిగిన గోడలూ కాంక్రీటూ ఇనుప ఊచలూ బయటికి మోయాలి. సర్కారు పని కాబట్టి అక్కడి చెత్త మోసే డ్రైవరుకి రాష్ట్రం కట్టిన రేటు ఇవ్వాలి. గంటకి యాభై ఎనిమిది డాలర్లు. అదే బయటి పనుల్లో అయితే ఇరవై ఆరు. ఆ రేటు కాగితం సైటు కంచెకి కట్టి ఉండేది. డ్రైవర్లు పొద్దున్నే కాఫీ కప్పులు పట్టుకుని దాని ముందు నిలబడి, ఒకసారి భక్తిగా చదువుకుని బళ్ళెక్కేవాళ్ళు. నీవెస్ ఒరోస్కో అనే డ్రైవరమ్మ ఆ కాగితాన్నే నమ్ముకుని, పన్నెండేళ్ళుగా చేస్తున్న టమాటా లారీ ఉద్యోగం వదిలేసి వచ్చింది.

ఎవారిస్తోకి కాంక్రీటూ ఇనుమూ కలగాపులగంగా కనిపిస్తే ఒళ్ళు మండేది. ఎవరూ చెప్పకుండానే బండి దిగి, ఊచలు విడిగా లాగించి, పొడుగువన్నీ ఒకే వరసలో పేర్పించడం మొదలుపెట్టాడు. యజమాని లైల్ ఆ లోడు చూసి మురిసిపోయాడు. ఒక హెల్మెట్‌కి బంగారు రంగు కొట్టించి, శుక్రవారం అందరి ముందూ అతని నెత్తిన పెట్టాడు.

"చూసి నేర్చుకోండి. సోమవారం నించి అందరూ ఇలాగే ఏరి ఎక్కించాలి" అన్నాడు.

ఎవారిస్తో ఇంటికెళ్ళి ఆ టోపీని వంటింట్లో గ్వదలూపె మేరీమాత పటం పక్కన మేకు కొట్టి తగిలించాడు. భార్య ఒఫేలియా టోపీని చూసింది, మొగుణ్ణి చూసింది, బీన్స్ గిన్నెలో గరిటె తిప్పుతూ ఊరుకుంది.

తరవాతి జీతం రోజున సంగతి బయటపడింది. మధ్యాహ్నం తిండి బండి దగ్గర నీవెస్ పే స్లిప్ ఊపుకుంటూ వచ్చింది.

"ఏవన్నా, బంగారు టోపీ! ఇలా రా. ఇనుము మోసిన గంటలన్నిటికీ ఇరవై ఆరే వేశాడు, చూడు."

"పొరపాటు పడుంటాడులే."

"పొరపాటా, పాడా! అడిగే వస్తున్నా. చెత్త మోస్తేనే సర్కారు రేటట. సైటులోనే పూర్తిగా విడదీసి అమ్మే ఇనుము చెత్త కాదట, సరుకట. సరుకు మోస్తే మామూలు రేటేనట. రూల్లోనే ఉందట."

"మరి ఇన్నాళ్ళూ ఇచ్చాడుగా?"

"ఇన్నాళ్ళూ కలిసే ఉంది కాబట్టి చెత్తే. మహానుభావుడివి, నువ్వొచ్చి ఏరావు! సన్మానం ఊరికే చేశాడనుకున్నావా?"

ఐదుగురూ తినడం ఆపి అతనికేసే చూశారు. ఎవారిస్తో సగం తిన్న బర్రీటో రొట్టెని మళ్ళీ కాగితంలో చుట్టేశాడు.

ఇందులో అతనొక్కడికే తెలిసిన సంగతి ఇంకొకటి ఉంది. మొదటి రెండ్రోజులే అతను నిజంగా ఏరాడు. మూడో రోజుకి నడుం పట్టేసింది. అప్పట్నించీ పై రెండు వరసలే శుభ్రం. కిందంతా ఊచలకి పట్టుకు వేలాడే కాంక్రీటు దిమ్మలే. పాత ఇనుము కొనే కొట్టువాడు ఎంత కాంక్రీటు తరుగు తీశాడో చీటీ మీద రాసిచ్చేవాడు. మిగతా డ్రైవర్లు ఆ చీటీలు లైల్‌కి ఇచ్చేసేవాళ్ళు. ఎవారిస్తో మాత్రం, ఎక్కడో పడిపోయిందని చెప్పి, తన చీటీని సీటు వెనక టోర్టియా రొట్టెల ఖాళీ సంచిలో కుక్కేవాడు. చించి పారేద్దామంటే, రోడ్డు మీద కాగితాలు వేయడం అతనికి చచ్చినా నచ్చదు.

నీవెస్ ఫిర్యాదు పెట్టింది. కార్మిక శాఖ నుంచి తాలీన్ అనే ఆఫీసరమ్మ సైటుకే వచ్చి, డ్రైవర్లందరినీ పిలిచింది.

"మా ఇనుమంతా సైటులోనే పూర్తిగా వేరవుతుంది మేడమ్" అన్నాడు లైల్. "మాకు ఎవారిస్తో లోడే కొలత. కావాలంటే అతన్నే అడగండి."

ఎవారిస్తో నెత్తిమీద బంగారు టోపీ ఉంది. ఆవేళ దాన్ని ఇంట్లో వదిలి రావడానికి కూడా మనసొప్పలేదు అతనికి. అవునంటే నీటుగాడన్న పేరు నిలుస్తుంది, అందరి రేటూ పోతుంది. కాదంటే రేటు నిలుస్తుంది, పేరు పోతుంది. నిజం చెప్పాలంటే, పేరు వైపే మనసు లాగింది. ఆ మాట చెప్పుకోవడానికి అతను ఇప్పటికీ సిగ్గుపడతాడు. కానీ పక్కన నీవెస్ కంచె మీది కాగితాన్నే చూస్తూ నిలబడి ఉంది.

"పూర్తిగా కాదమ్మా" అన్నాడు చివరికి.

"అదేంటోయ్! నీ లోడు నేను కళ్ళారా చూశాగా!" అన్నాడు లైల్.

"మీరు పైన చూశారు సార్."

బండిలోంచి సంచి తెచ్చి ఆఫీసరమ్మ ముందు గుమ్మరించాడు. ముప్పై ఒక్క చీటీలు. ఒక్కోదానిలో మూడో వంతు బరువు కాంక్రీటే. నీవెస్ పగలబడి నవ్వింది.

"నీటుగాడి లోడే ఇలా ఏడిస్తే మా లోడ్ల సంగతి వేరే చెప్పాలా అమ్మా?"

"మిగతావాళ్ళ చీటీలు కూడా తెప్పించండి" అంది ఆఫీసరమ్మ లైల్‌తో.

ఆమె ఎవారిస్తో వాంగ్మూలం రాసి, అందరికీ వినబడేలా చదివింది. "నా లోడ్లలో కొంచెం కాంక్రీటు మిగిలిపోయేది."

"కొంచెం కాదు. చాలా అని రాయండి" అన్నాడు ఎవారిస్తో. ఆమె దిద్దింది. అతను కలం పట్టుకుని, సంతకం పెట్టకుండా తటపటాయించాడు.

"పైన మాత్రం అందంగా సర్దేవాడు అని కూడా రాస్తారా?"

"అది కేసుకి అక్కర్లేదండీ."

"నాకు కావాలమ్మా."

రెండు నెలలకి ఉత్తరువు వచ్చింది. ఆ లోడ్లన్నీ చెత్తేనని తేలింది, ఆరుగురికీ పూర్తి రేటు దక్కింది.

సంతకం పెట్టిన రోజునే లైల్ టోపీ వెనక్కి తీసుకున్నాడు. ఇంటికొచ్చి ఖాళీ మేకు కింద కూర్చుని, ఎవారిస్తో జరిగిందంతా ఒఫేలియాకి చెప్పేశాడు. ఆవిడేమీ ఆశ్చర్యపోలేదు.

"ముప్పై ఏళ్ళుగా నీ పక్క దులిపేదాన్ని. పైన దుప్పటి మీద ఒక్క ముడత ఉండదు. ఎత్తితే కింద సాక్సులూ, చొక్కాలూ, తిని దాచిన మిఠాయి కాగితాలూ. నీ శుభ్రం నాకు తెలీదా?"

"మరి టోపీ తెచ్చిన రోజే అనొచ్చుగా?"

"అంత సంబరంగా మేకు కొడుతున్నావు. ఎలా అనను?" అంది ఒఫేలియా.