సయామా చూపించని షాట్

యాంగోన్‌లో, పజుండౌంగ్ పేటలోని మా తెలుగువాళ్ళ వీధిలో ఐస్ అంటే చేపల మీద వేసేదే. కాలువ దగ్గర దిమ్మెలు దింపి, గోనెలు కప్పి, సుత్తితో పగలగొడతారు. ఐస్ మీద మనుషులు నడుస్తారని, పైగా అందుకు టికెట్ కొంటారని నాకు మాల్‌లో ఉద్యోగం దొరికేదాకా తెలియదు.

ఆ మాల్ పై అంతస్తులో చిన్న స్కేటింగ్ రింక్ ఉండేది. వచ్చినవాళ్ళ చెప్పులు తీసుకుని స్కేట్లు ఇవ్వడం, వాళ్ళు తిరిగి ఇచ్చాక తడి తుడిచి ఆరబెట్టడం నా పని. చేరిన కొత్తలో నాకు అన్నీ ప్రశ్నలే. జనం వెళ్ళిపోయాక రింక్ మెకానిక్ గీతలు పడ్డ ఐస్ మీద వేడినీళ్ళు పోసేవాడు. వేడినీళ్ళు పోస్తే కరిగిపోదా అని అడిగాను. వేడినీళ్ళయితే గీతల్లోకి బాగా దిగి, సమంగా పరుచుకుని గడ్డకడతాయని చెప్పాడు. నాకు నమ్మబుద్ధి కాలేదు. మధ్యాహ్నం జనం లేనప్పుడు ఒక మూల చన్నీళ్ళు, పక్కన వేడినీళ్ళు పోసి కూర్చుని చూశాను. అతను చెప్పిందే నిజం. ఆ మూలను మళ్ళీ గీకి సరిచెయ్యడానికి అతనికి గంట పట్టింది గానీ, నన్నేమీ అనలేదు.

ఆదివారాలు మాల్ తెరవకముందు కొందరు అక్కడ హాకీ ఆడేవాళ్ళు. సగం మంది ఉద్యోగాల మీద వచ్చిన విదేశీయులు, సగం మంది ఊళ్ళో కుర్రాళ్ళు. బంతి ఉండదు. పక్ అని, అరచేతిలో పట్టే నల్ల రబ్బరు బిళ్ళ. దాన్ని కర్రలతో కొడుతుంటే గోడల చుట్టూ తుపాకీ పేలినట్టు మోగేది. నేను కౌంటర్ వదిలేసి, గోల్ వెనక అద్దం దగ్గరికి వెళ్ళి నిలబడేదాన్ని. పక్ ఎటు నుంచి వస్తుందో అక్కడి నుంచే సరిగ్గా కనపడుతుంది.

ఇంతలో వాళ్ళ గోల్‌కీపరుకి వేరే దేశం బదిలీ అయింది. కొన్ని వారాలు గోల్ ముందు ప్లాస్టిక్ కుర్చీ పెట్టి ఆడారు. ఒక ఆదివారం వాళ్ళలో ఒకావిడ నా కౌంటర్ దగ్గరికి వచ్చింది. మంచుదేశం మనిషి, ఇక్కడ ఒక బడిలో చిన్నపిల్లలకు చదువు చెప్పేది. బర్మా మాటలో టీచరమ్మను సయామా అంటాం. రింక్‌లో అందరూ ఆమెను అలాగే పిలిచేవాళ్ళు.

"ప్రతివారం గోల్ వెనక నిలబడుతున్నావు. ఒకసారి ముందు నిలబడతావా?" అంది.

పనిలో పనిగా స్కేటింగ్ నేర్చుకున్నాను కాబట్టి పడిపోతానన్న భయం లేదు. కాళ్ళకు పరుపుల్లాంటి కవచాలు, ఛాతీకి ఒకటి, తలకు ఇనప కమ్మీల ముసుగు కట్టారు. మొదటి పక్ గుండెల మీద తగిలినప్పుడు నాకు నొప్పి కన్నా ముందు చప్పుడు తెలిసింది. వెంటనే, తర్వాతది ఎటు వస్తుంది అనిపించింది. ఆ రోజంతా ఆ ఒక్క ఆలోచనే. గోల్స్ చాలానే పడ్డాయి. పడ్డ ప్రతిదానికీ వెనక్కి తిరిగి, ఎక్కణ్ణించి దూరిందో చూసేదాన్ని.

ఇంటికొచ్చాక అమ్మ నా మోచేతి మీద కమిలిన మచ్చ చూసింది.

"ఏటే అది? ఎవులు కొట్టేరు?"

"పక్ తగిలిందమ్మా."

"పక్కోడా? ఏ పక్కోడు? సెప్పు, మీ నాన్నని పంపుతాను."

పక్ అంటే ఏమిటో విడమరిచి చెప్పేసరికి అన్నం చల్లారిపోయింది. నాన్నకు మా వీధిలోనే పప్పులు, అగరొత్తులు అమ్మే కొట్టు ఉంది. ఆయన అంతా విని, "ఆడుకుంటే ఆడుకుంది గానీ, మొకానికి తగలకుండా సూసుకోమను," అని అమ్మతో అన్నాడు, నేను అక్కడ లేనట్టు.

సయామా నాకు రెండేళ్ళు నేర్పింది. ఆడేవాళ్ళ కళ్ళు చూడొద్దు, కర్ర చివర చూడు అనేది. మోకాళ్ళ మీద కూర్చుని కవచాలతో కింది భాగమంతా మూసెయ్యడం ఆమె దగ్గరే నేర్చుకున్నాను. కరెంటు తరచుగా పోయే రోజులవి. జనరేటర్ దీపాలకే సరిపోయేది, ఐస్‌ను చల్లబరిచే మిషనుకు చాలేది కాదు. పైన పలచగా నీళ్ళు తేలేవి. పక్ ఆ నీళ్ళలో ఈదుకుంటూ నెమ్మదిగా వచ్చేది.

బ్యాంకాక్‌లో ఒక క్లబ్బు ఆడవాళ్ళ జట్టు పెడుతోందని, ఆడుతూ చిన్నపిల్లలకు కూడా నేర్పే గోల్‌కీపర్ కావాలని సయామాకు తెలిసింది. అక్కడి కోచ్ ఆమె స్నేహితురాలు. నా ఆట ఫోన్‌లో తీసి పంపింది. వాళ్ళు రమ్మన్నారు.

"ఆడితే జీతమిత్తారేటి?" అన్నాడు నాన్న.

"ఇత్తారట నాన్నా."

"ఓడిపోతే?"

"ఓడిపోయినా ఇత్తారు."

నాన్న తూకం వేస్తున్న శనగపప్పు పొట్లం కట్టాడు. "మరి ఆల్లకేటి లాభం?" అన్నాడు. నాకూ తెలియదన్నాను. తెలిస్తే తనకూ చెప్పమని, వెళ్ళడానికి ఒప్పుకున్నాడు.

జీతం తీసుకునే ఆటగత్తెగా నా మొదటి నెలలు ఆడే వంతు రానివాళ్ళు కూర్చునే బల్ల మీదే గడిచాయి. నాకన్నా పెద్దామె ఒకావిడ మొదటి కీపర్. ఆటగత్తెలు లోపలికి, బయటికి వెళ్ళేటప్పుడు రింక్ తలుపు తీసి మూయడమే నా పని. అక్కడి ఐస్ గాజులా గట్టిగా ఉండేది. పక్ వచ్చే వేగం చూసి మొదట్లో బిత్తరపోయాను. "నువ్వు ముందే కూర్చుండిపోతున్నావు. ఎదుటి మనిషి ఇంకా ఏ నిర్ణయమూ తీసుకోలేదు, నువ్వు తీసేసుకున్నావు," అనేది కోచ్. మా ఊరి మెత్తటి ఐస్ మీద ఎప్పుడు కూర్చున్నా సరిపోయేది మరి. రోజూ పిల్లల క్లాసు అయ్యాక, వాళ్ళనే నా మీదికి పక్‌లు కొట్టమని, కూర్చోకుండా ఎంతసేపు ఆగగలనో చూసుకునేదాన్ని.

ఆ సంవత్సరం ఆటలు ముగిశాక, మా జట్టును సరదా మ్యాచ్ ఒకటి ఆడి పొమ్మని యాంగోన్ ఆదివారం జట్టువాళ్ళు పిలిచారు. పెద్దామె చెల్లెలి పెళ్ళి ఉండి రాలేదు. అలా నేను మొదటి నుంచి చివరిదాకా గోల్‌లో నిలబడ్డ మొదటి మ్యాచ్ మా ఊళ్ళోనే, నాకు నేర్పినవాళ్ళ మీదే పడింది.

నాన్న కొట్టు మూసి వచ్చాడు. అమ్మ పట్టుచీర కట్టుకుని, పైన శాలువా కప్పుకుని, ఇరుగుపొరుగును వెంటబెట్టుకుని వచ్చింది.

"ముసుగేసుకుంటే నువ్వని నాకెలాగ తెలుత్తాది?"

"గోల్ కాడే ఉంటానమ్మా. ఎక్కడికీ ఎల్లను."

ఆట బాగానే మొదలైంది. సయామా రెండుసార్లు వచ్చి ఎప్పటిలాగే కిందికి కొట్టింది, ఆపేశాను. మాకు ఒక గోల్ వచ్చింది. ఇంతలో కరెంటు పోయింది. అంతా చీకటి. ఆ చీకట్లో పక్ ఇంకా జారుతూ పోయి ఎక్కడో గోడకు తగిలిన చప్పుడు విన్నాను. ఎవరో స్కేట్ల మీద నా పక్కకు వచ్చి ఆగారు.

"బ్యాంకాక్‌లో ఎలా ఉంది?" సయామా గొంతు.

"ఐస్ చాలా గట్టిగా ఉంటుంది సయామా."

"అదృష్టవంతురాలివి," అంది నవ్వుతూ.

లైట్లు వెలిగాయి. చూడ్డానికి వచ్చినవాళ్ళంతా "మీ లా బీ!" అని అరిచారు, ఇళ్ళల్లో కరెంటు వచ్చినప్పుడు అరిచినట్టే. మళ్ళీ ఆడడం మొదలుపెట్టేసరికి ఐస్ మీద నీళ్ళు తేలుతున్నాయి.

ఆట అయిపోవస్తుండగా సయామాకు పక్ దొరికింది. మధ్యలో ఎవరూ లేరు. ఆమె వస్తోంది. నేను కర్ర చివరే చూస్తున్నాను. కూర్చోలేదు. ఆమె కూడా కొట్టలేదు. ఇద్దరం ఆగాం. ఇక కిందికి కొడుతుందని మోకాళ్ళు వంచాను. అప్పుడు పక్‌ను కర్ర వెనక వైపుకి లాక్కుని, నా ఎడమ భుజం మీదుగా లేపి లోపల వేసింది. రెండేళ్ళలో ఆమె ఆ షాట్ కొట్టగా నేను ఒక్కసారి కూడా చూడలేదు.

గోల్ పడడం సిగ్గుపడాల్సిన మాటే. నాకేమో నోరు ఊరుకోలేదు. "అదేంటి సయామా?" అని అక్కడే అడిగాను. "ఆట అయ్యాక," అంది. చెరొక గోలుతో మ్యాచ్ సమంగా ముగిసింది. జట్టువాళ్ళు ఫోటోలు తీసుకుంటుంటే నేను కవచాలు విప్పకుండా ఆమె కోసం కాచుకున్నాను. ఆమె మళ్ళీ ఐస్ మీదికి వచ్చి, ఆ షాట్ నెమ్మదిగా చూపించింది. మణికట్టు ఎప్పుడు తిప్పుతుందో పట్టుకునేదాకా కొడుతూనే ఉంది.

"ఇది ఇన్నాళ్ళూ ఎందుకు చూపించలేదు?"

"నువ్వప్పుడు కింద మూయడం నేర్చుకుంటున్నావు. ఇది చూపిస్తే పైకే చూస్తూ కూర్చునేదానివి."

నాన్న బయటి నుంచి అద్దం మీద కొట్టాడు. దగ్గరికి వెళ్ళాను.

"ఆవిడ నీ మీద గోలేసింది గదా. నువ్వేటి నవ్వుతన్నావు?"

"ఎలాగేసిందో సూపిత్తంది నాన్నా."

"సూపితే మళ్ళీ ఎయ్యడం అవ్వదు గదా. ఆవిడకేటి లాభం?" అని, జవాబు కోసం సయామా వైపు చూశాడు. ఆమెకు తెలుగు రాదు. చెయ్యి ఊపింది. నాన్న కూడా మొహమాటంగా ఊపాడు.

తర్వాతి సంవత్సరం పెద్దామె వేరే క్లబ్బుకు వెళ్ళింది. ఎక్కువ మ్యాచ్‌లు నేనే ఆడాను. గోల్స్ ఇప్పటికీ పడుతూనే ఉంటాయి. కొత్తగా ఏదైనా దూరితే, ఆట అయ్యాక అవతలి జట్టు గదికి వెళ్ళి ఎలా కొట్టావని అడుగుతాను. మా వాళ్ళకు ఇదొక నవ్వులాట. కొందరు చూపిస్తారు, కొందరు తల తిప్పుకుంటారు. మొన్న మలేషియా అమ్మాయి ఒకతె, "నిజంగా నాకూ తెలీదు. ఎలాగో వెళ్ళిపోయింది," అంది. ఇద్దరం కర్రలు తీసుకుని, అది ఎలా వెళ్ళి ఉంటుందో చూద్దామని మళ్ళీ ఐస్ మీదికి నడిచాం.