గిరక చప్పుడుకు ఉజుర్

హనుమండ్లు కాకకు ఉజుర్ లేని విషయం ఈ భూమ్మీద లేదు.

ఉజుర్ అంటే అభ్యంతరం. నైజాం కచేరీల మాట. సర్కారు ఏదైనా పని చేయబోయే ముందు "ఎవరికన్న ఉజుర్ ఉన్నదా" అని అడిగేది. ఉన్నవాడు చెప్పుకోవాలి, లేనివాడు నోరు మూసుకోవాలి. ఊరంతా ఆ రెండోదే చేసేది. హనుమండ్లు కాక మాత్రం ఎదురుపడ్డవాడికి రామ్‌రామ్ చెప్పకముందే ఉజుర్ చెప్పేవాడు. ఎండ కొడితే ఉజుర్, మబ్బు పడితే ఉజుర్. హోటల్లో చాయ్ మరీ వేడిగా ఉందని ఒకటి పెట్టి, దాని మీద వాదించేలోగా అది చల్లారితే ఇంకొకటి పెట్టేవాడు.

"మా లగ్గంల గూడ ఉజుర్ వెట్టిండు," అనేది ఆయన భార్య శంకరవ్వ. "అయ్యగారు మంత్రాలు జల్ది జల్ది సదువుతుండని పీటల మీదికెల్లి లేసి నిలవడ్డడు. మా బాపు నా దిక్కు జూసి, బిడ్డా, ఇప్పటికైనా మించిపోయింది లేదు అన్నడు."

"మరి నువ్వేమన్నవు చిన్నమ్మా?" అని నేను అడిగేవాణ్ని.

"నన్ను ఉజుర్ అడిగెటోడెవడు?"

అప్పుడు నేను మా ఊరి పంచాయతీలో గుమాస్తాను. హైదరాబాదు రాజ్యం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చి నాలుగైదేళ్లయింది. ఉర్దూ కాగితాలు పోయి తెలుగు కాగితాలు వచ్చాయి. నేను బడిలో చదివింది మూడో క్లాసు దాకానే. మిగతాదంతా కిరాణా దుకాణంలో సామాను చుట్టి ఇచ్చిన పేపరు ముక్కలు చదివి నేర్చుకున్నాను. కాకకు ఆ మాత్రం కూడా రాదు. అందుకని ఆయన ఉజుర్ ఆయన చెబితే నేనే రాయాలి. రాశాక బల్లకు ఇటువైపు వచ్చి కూర్చొని నేనే తీసుకోవాలి. ముద్ర నేనే వేయాలి, మీటింగులో నేనే చదవాలి. నామంజూరైందని జవాబు నేనే రాసి, ఆయనింటికి మోసుకుపోయి, అరుగు మీద కూర్చొని నేనే చదివి వినిపించాలి. కాక కళ్లు మూసుకొని అంతా వినేవాడు.

"మంచిగ రాసినవ్ దేవదాసూ. దీనికి ఉజుర్ ఉన్నది. కాగితం తియ్యి."

"కాకా, ఇది నీ ఉజుర్ మీద వచ్చిన జవాబు. జవాబు మీద మల్ల ఉజుర్ ఉండది."

"ఉండదని యాడ రాసున్నది?"

"యాడా రాసి లేదు."

"అయితె గా రాసి లేకపోవుడు మీదనె నాకు ఉజుర్. రాయి."

రాసేవాణ్ని. ఏం చేస్తాను.

బడి పక్కకు బందెలదొడ్డిని మార్చాలని పంచాయతీ తీర్మానించింది. కాక ఉజుర్: దొడ్డిలో బర్రె ఒర్రితే పంతులు పిలుస్తున్నాడనుకొని పిల్లలు అటు లేచిపోతారు. ఇది చదివాక పంతులు లేచి, ఈ ఉజుర్ మీద తనకు ఉజుర్ ఉందన్నాడు. ఆ రోజు మీటింగులో మరో పని జరగలేదు. ఇంకోసారి సాలోళ్ల వాడలో వంకర సందును సాపు చేయాలనుకున్నారు. కాక ఉజుర్: సందు వంకరగా ఉంటే గాలి ఆగి ఆగి వస్తుంది, సీదాగా ఉంటే ఒకటే ఉరుకుడు ఉరికి మగ్గాల మీద నూలు తెంపుతుంది. దాని మీద గంటసేపు చర్చ జరిగింది. గాలికి నోటీసు ఇవ్వగలమా అని సర్పంచి సాంబయ్య నన్ను అడిగాడు. వేళాకోళమో నిజమో నాకు ఇప్పటికీ తెలియదు. అప్పటికి ఆయన కూడా ఆ స్థితికి వచ్చాడు.

ఇవన్నీ నవ్వుకునే సంగతులు. దిగుడుబావి సంగతి అట్లాంటిది కాదు.

మా వాడకు నీళ్లంటే ఆ ఒక్క బావే. మెట్లు దిగి, మోకాలి లోతు నీళ్లలో నిలబడి కుండ ముంచుకోవాలి. తూర్పు మెట్లు మావి. పడమటి మెట్లు, అంటు పేరు చెప్పి ఊరు దూరం పెట్టిన పడమటి వాడ వాళ్లవి. నీళ్లు మాత్రం ఒకటే, ఆ సంగతి ఎవరూ తలచుకునేవాళ్లు కాదు. ఎండాకాలం వచ్చిందంటే రెండు వాడల్లోనూ నారికురుపు లేచేది. కాలి మీద బొబ్బ చితికి, అందులోంచి తెల్లటి దారంలాగ పురుగు బయటికి వస్తుంది. తెగకుండా పుల్లకు చుట్టుకుంటూ రోజుకు కొంచెం కొంచెం లాగాలి. నెల పట్టేది. గుంత మగ్గం నేసేవాళ్లకు కాళ్లు ఆడకపోతే బట్ట లేదు, బట్ట లేకపోతే బువ్వ లేదు.

మా అక్క చంద్రవ్వకు అది వరుసగా మూడో ఏడు. మగ్గం మూలన పడి ఉంది. "పుట్టినకాడికెల్లి నూలు సుట్టుడే అయితుండె. ఇప్పుడు కాల్లకెల్లి వచ్చేది గూడ సుట్టుడే అయింది," అని పుల్ల తిప్పుకుంటూ కూర్చునేది.

ఆరోగ్యశాఖ ఇన్‌స్పెక్టరు వచ్చి విడమరిచి చెప్పాడు. కురుపున్న కాలు నీళ్లలో పెడితే రోగం నీళ్లలోకి పోతుంది, ఆ నీళ్లు తాగితే మళ్లీ మన ఒంట్లోకి వస్తుంది. మెట్లు మూసి, చుట్టూ గోడ కట్టి, గిరకలు పెట్టి చేదుకుంటే పీడ విరగడవుతుంది. పంచాయతీ తీర్మానం చేసింది, సమితి మంజూరు చేసింది. మార్చి ఆఖరులోగా పని మొదలుకాకపోతే మంజూరు రద్దు. పదిహేను రోజుల్లో అభ్యంతరాలు తెలుపవలెనని నోటీసు గోడకు నేనే అతికించాను. ఆ మాట ఎవరి కోసం రాసినట్టు ఉందో ఊరందరికీ తెలుసు.

మా అక్క కుంటుకుంటూ ఆయనింటికి పోయింది.

"కాకా, గీ ఒక్క బాయికి ఉజుర్ వెట్టకు. కాల్లు మొక్కుదామంటె వంగరాదు, నా కాలు గిట్లున్నది."

"సూత్త బిడ్డా."

"సూసుడు గాదు. మాటియ్యి."

"మాటిచ్చుడుకు నాకు ఉజుర్ ఉన్నది."

మా అక్క చేతికర్ర ఎత్తింది. ఒంటికాలి మీద నిలబడి ఎత్తడం వల్ల ఆయన బతికాడు.

గడువు ఆఖరి రోజున మీటింగు. కృష్ణా జిల్లా నుంచి కొత్తగా వచ్చిన సమితి ఆఫీసరు కుర్చీలో ఉన్నాడు. చిన్న వయసు, మెత్తని మనిషి. మా మాట ఆయనకు ఇంకా అందలేదు. తీర్మానం చదవగానే వెనక బెంచీ మీంచి హనుమండ్లు కాక లేచి, నైజాం కాలపు పద్ధతిలో వంగి సలాం పెట్టాడు.

"హుజూర్, ఉజుర్."

ఆఫీసరు నవ్వి తలూపాడు. "కూర్చోండి పెద్దాయనా."

"ఉజుర్, హుజూర్."

"ఒక్కసారంటే చాలండీ, ఇన్నిసార్లు ఎందుకూ."

"హుజూర్, నేను జెప్పేది ఉజుర్."

"అయ్యో, వద్దండీ, నేను మీ మనవడి లాంటివాణ్ని." ఆఫీసరు మొహం ఎర్రబడింది. సాంబయ్యతో, "ఈ ప్రాంతంలో పెద్దవాళ్లకి ఎంత మర్యాదండీ," అన్నాడు.

సాంబయ్య నోట్లో నవ్వు బయటికి రాకుండా పళ్లు బిగించాడు. "గాయనకు మొదటికెల్లి మర్యాద జర ఎక్కువ సార్. మీరు రాయించుండ్రి."

"ఎవరూ అభ్యంతరం తెలుపలేదు" అని ఆఫీసరు చెప్పాడు. నేను రాశాను. కలం ఆగలేదు. ఆగాల్సిందని నాకు తెలుసు. కానీ ఆ పుల్ల, ఆ తెల్లటి దారం నా కళ్ల ముందున్నాయి.

మర్నాడు పొద్దున ఆఫీసు తలుపు తీసేసరికి కాక గడప మీద ఉన్నాడు.

"కాగితం తియ్యి."

నాకు ఒళ్లు మండింది. "గడువు నిన్ననే అయిపోయింది కాకా."

"నిన్న జెప్పిన గద. నువ్వు రాయలే."

అది నిజమే. తప్పు మనదైనప్పుడు కోపం ఎక్కువవుతుంది. "మా అక్క కాలు జూసినవా? బర్రె మీద, గాలి మీద నువ్వేం జెప్పినా రాసిన. గీ బాయి ఆగిందంటె నీ మొకం సూడ."

"ఆగుమని ఎవడన్నడు? జర కోపం దించుకో. రాయి. గిరకలు గిర్రున తిరిగితె చప్పుడైతది. నా ఇల్లు బాయి పక్కనె. నాకు నిద్ర వట్టది."

కలం విరగ్గొట్టాలనిపించింది. రాశాను.

"మూడు గిరకలు ఒక్క దిక్కే వెట్టిండ్రు. చప్పుడంత ఒక్క దిక్కే వస్తది. తూర్పుకు మూడు, పడమటికి మూడు వెట్టుండ్రి. చప్పుడు రెండు దిక్కులకు సమానంగ పంచినట్టయితది. గంతే. సదువు."

చదువుతూ, గోడకున్న బావి పటం వైపు చూశాను. ఓవర్సీరు గీసిన పటం. పదిహేను రోజులు నా నెత్తి మీదే వేలాడింది, నేను చూడలేదు. తూర్పున మూడు గిరకలున్నాయి. పడమటి మెట్లు మూసిన చోట నిండు గోడ ఉంది, ఒక్క గిరక లేదు. ఆ మెట్లు దిగే నలభై ఇళ్ల వాళ్లు నీళ్లు ఎక్కడ తెచ్చుకోవాలో పటంలో లేదు. వాళ్ల పెద్దమనిషి కొమురెల్లి నిన్న మీటింగు జరిగినంతసేపూ బయట చూరు కింద నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నవాళ్లు లేరు.

"కాకా, పడమట గోడనే ఉన్నది."

"ఉన్నది. నాకు అచ్చరాలు రావు గని బొమ్మలు వస్తయి."

"గా ముచ్చటే సీదా రాస్తె కాదా?"

"సీదా రాస్తె సాంబయ్య సదువుతడు. మన వాడ సదువుతది. గిరక మాకు, వాండ్లకెందుకు గిరక అని వంద మంది కట్టెలు వట్టుకొని లేస్తరు. అప్పుడు బాయే ఉండది, మీ అక్క కాలు గట్లనె ఉంటది. చప్పుడు గురించి ఎవడు లేస్తడు? పిచ్చోడని సంతకం వెడ్తరు."

నేను కలం కింద పెట్టాను. తర్వాత ఆయన, వక్క కొరుకుతూ, ఎవరితోనో చెబుతున్నట్టు అన్నాడు. "ఇరువై రెండేండ్లు తహసీల్ కచేరిల జవాన్‌గ జేసిన. గడప మీద నిలవడి మూడుసార్లు ఒర్లాలె, ఉజుర్ ఉన్నదా అని. వాకిట్ల నిండ మందే. ఒక్కడు పల్కకపోవు. భూములు గట్లనె వొయినయి. గా మాటకు అర్థం వాండ్లకు ఎర్క లేదు. చెప్పొద్దని నాకు హుకుం."

ఆ కాగితం పట్టుకొని ఆఫీసరు బసకు పోయాను. గడువు దాటిందని, నిన్న నేను రాయాల్సింది రాయలేదని చెప్పబోయాను. ఆయన పేరు చూడగానే, "నిన్న హుజూర్ హుజూర్ అన్నాయనే కదండీ? అంత మర్యాదస్తుడు అడిగితే కాదంటామా," అని సంతకం పెట్టాడు. సాంబయ్య చదివి నెత్తి కొట్టుకొని తనూ సంతకం పెట్టాడు.

"చప్పుడు పంచుడా? వెట్టుండ్రి నాయినా. దీని మీద ఇంకో కాగితం రాకముందే వెట్టుండ్రి."

నెలన్నరలో గోడ లేచింది. మొదటి రోజు సాంబయ్య పడమటి గిరకను చూశాడు, దాని తాడు పట్టుకున్న కొమురెల్లిని చూశాడు, తర్వాత నా చేతిలో కాగితం మీద తన సంతకాన్ని చూశాడు. "గీ హనుమండ్లు..." అని ఆగిపోయాడు. ఆ వాక్యం ఇప్పటికీ పూర్తి చేయలేదు.

మరుసటి ఎండాకాలం మా అక్క కాలికి బొబ్బ లేవలేదు. మగ్గం ఆడింది. కానీ గిరకల చప్పుడు నిజంగానే భయంకరంగా ఉండేది. "కాకా, సమానంగ పంచిన అంటివి. నా వంతు జర ఎక్కువొచ్చింది," అని అక్క గుంతలోంచి అరిచేది. చివరికి పంచాయతీ గిరకలకు నూనె వేయించింది. కాకకు ఎవరూ చెప్పలేదు, చెబితే ఏమవుతుందో తెలుసు కనక.

ఆ మర్నాడు తెల్లారేసరికి కాక మా ఇంటి ముందున్నాడు. మొహం పాలిపోయింది.

"దేవదాసూ, ఇయ్యాల పడమట ఎవ్వలు నీల్లకు రాలే. చప్పుడే లేదు. ఎవడన్న బెదిరిచ్చిండా?"

"నూనె వేసిండ్రు కాకా."

నమ్మలేదు. నా చేయి పట్టుకొని బావి దాకా లాక్కుపోయాడు. పడమటి వైపు కొమురెల్లి కోడలు చేదుకుంటోంది. గిరక మెత్తగా, చప్పుడు లేకుండా తిరుగుతోంది. కాక రెండు బిందెలు నిండేదాకా నిలబడి చూశాడు. అక్కణ్నుంచి తిన్నగా ఆఫీసుకు నడిచాడు, వెనక నేను.

"కాగితం తియ్యి. నూనెకు నాకు ఉజుర్ లేదు. రాయి."

"లేనిదానికి కాగితం ఎందుకు కాకా?"

"ఉన్నప్పుడు రాసినంక లేనప్పుడు గూడ రాయాలె గద."

రాశాను, ముద్ర వేశాను. కాక కాగితాన్ని వెలుతురుకు ఎత్తి పట్టి, తలకిందులుగా పట్టుకొని చాలాసేపు చూశాడు.

"ముద్ర జర వంకర వడ్డట్టున్నది."

నేను ఇంకో కాగితం తీశాను.