కూతురి తల మీద ఒట్టు

పందొమ్మిదొందల అరవై ఎనిమిదిలో గజపతినగరం దగ్గర ఒక ఆస్పత్రిలో నేను ఆయాగా ఉండేదాన్ని. అప్పటికే నా మొగుడు సారా తాగి తాగి సచ్చిపోయాడు. ఆస్పత్రి ఎనకాల పెంకుటింటిని తాగుబోతుల వార్డు సేశారు. డాక్టరమ్మ నన్ను పిలిచి, "ఊడవడం ఇంకొకరు చేస్తారు. నువ్వు వీళ్ళతో కూర్చుని మాట్లాడటం నేర్చుకో. తాగేవాడి ఇల్లు నీకు తెలుసు కదా" అంది.

ఆ పనిని కౌన్సిలింగ్ అంటారట. బుద్ధులు సెప్పడం అనుకున్నాను. కాదు. తాగినోడు సెప్పింది ఇనాలి, ఆడి మాటల్లోంచే ఆడికి దారి దొరికేలా అడగాలి. నాదేమో ఊరవతలకి ఇనపడే గొంతు. మొదటి రోజే ఒకాయన్ని "పెళ్ళాం పుస్తెలు కూడా తాగీసినావా?" అన్నాను. ఆయన ముసుగు తన్నీసి పడుకున్నాడు. డాక్టరమ్మ నవ్వి, "అడిగావా, కొట్టావా?" అంది. అప్పట్నుంచి నోటి కట్టడికి బుగ్గలో వక్క పెట్టుకుని కూకునేదాన్ని.

ఆ వానాకాలంలో సింహాద్రి వచ్చాడు. సాలూరు లారీ డ్రైవరు. కొండదారి ఎక్కీ దిగీ ఇప్పసారా మరిగాడు. తల్లి అప్పలనర్సమ్మ రెక్క పట్టుకుని లాక్కొచ్చింది. ముందు ఒళ్ళంతా వణుకు, గోడ మీద తేళ్ళు పాకుతన్నాయని కేకలు. తాగుడు ఆపిన ఒంటికి వచ్చే ఈ బాధని విత్‌డ్రాయల్ అంటారు. డాక్టరమ్మ మందులిచ్చింది, నేను గంజి పట్టించాను. కొన్నాళ్ళకి ఆడి సేతులు నిలబడ్డాయి. ఇంక ఇంటికెళ్ళొచ్చు అంది డాక్టరమ్మ.

"నానెల్లను" అన్నాడు.

వక్క పక్కకి నెట్టి, "ఏటి నాయనా, ఎందుకెల్లవు?" అన్నాను.

"నానెల్తే నా గుంట సచ్చిపోతాది, అప్పా."

అప్పంటే అక్క, నన్నే. గుంటంటే ఆడి కూతురు, పైడమ్మ. అమ్మవారి పండగనాడు ఆడి తల్లి కర్పూరం ఎలిగించి, పిల్ల తల మీద ఆడి సెయ్యి పెట్టించి, మళ్ళీ తాగనని ఒట్టేయించింది. నెల తిరక్కుండా ఆడు తాగీసినాడు. పిల్లకి జొరం వచ్చింది. జొరం తగ్గింది గానీ ఆడి బయం తగ్గలేదు. తను ముట్టుకుంటే ఒట్టు తగుల్తాదని పిల్లని ఎత్తుకోడం మానీసినాడు. ఆ బెంగ మరిసిపోడానికి ఇంకా తాగాడు.

"ఒట్టు ఎలాగూ తప్పీసినాను. ఇంక మానితే ఏటి, తాగితే ఏటి?" అన్నాడు.

"ఒట్టూ లేదు, గట్టూ లేదు, పోరా" అని నా నోటి దాకా వచ్చింది. వక్క కొరికాను. డాక్టరమ్మకి సెప్తే, "అతని నమ్మకం మీద దెబ్బ కొట్టకు. ఆ ఒట్టు ఎవరు తీయాలో అతన్నే అడుగు" అంది.

అడిగాను. "ఏయించినోళ్ళే తియ్యాలి. మాయమ్మ. గానీ అది తియ్యదు" అన్నాడు.

సంతకొచ్చిన రోజున అప్పలనర్సమ్మ పిల్లని సంకనేసుకుని వార్డుకొచ్చింది. సంగతి సెప్తే నా మీద ఇరుసుకు పడింది.

"ఏటే, నీకు మతి ఉండే ఈ మాట అంటన్నావా? ఆ ఒట్టొక్కటే ఆడి ముక్కుకి తాడు. అదీ కోసీమంటావా?"

"తాడుంటే మరి ఆగాడా, ఒదినా?" అన్నాను. అంత మెల్లగా మాటాడింది నేనేనా అనిపించింది.

ఆవిడ పిల్లని ఈ సంక నుంచి ఆ సంకకి మార్సుకుంది.

"నీ కొడుకు పిల్లని ఎత్తుకుని ఎన్నాళ్ళయింది?"

ఆవిడ అటు తిరిగి సూసింది. పిల్ల సంక దిగి, నాన్న కేసి నడుస్తంది. అది ఒక అడుగు ముందుకేస్తే ఆడు ఒక అడుగు ఎనక్కేస్తన్నాడు. ఆఖరికి ఈపు గోడకానీసింది. సేతులు రెండూ ఎనక్కి కట్టేసుకుని, "పట్టుకెల్లే అమ్మా, దీన్ని పట్టుకెల్లు" అని అరిసాడు.

"నానేటి దీని సావు కోరినానా?" అని ముసల్ది ఏడుపందుకుంది. "ఆడు మానతాడనే గదా!"

నేను వక్క నవుల్తూ కూకున్నాను. అప్పుడు ఏమీ అనకపోడమే నా పని.

ఆవిడ ముక్కు సీదుకుని ఎళ్ళి, పిల్ల తల మీద సెయ్యేసి, దిష్టి తీసినట్టు తిప్పి, గుమ్మం అవతలకి ఇదిలించింది. "నానే ఏయించినాను, నానే తీసీసినాను. ఈ పిల్లకీ నీ తాగుడుకీ లంకె లేదు. ఒరే, ఇంక తాగితే నీ ఒళ్ళే గుల్లవుతాది. ఎత్తుకో!"

ఆడు సేతులు సాపాడు. గుంట ఎగిరి మెడ పట్టీసుకుంది.

ఆ సాయంత్రం ముగ్గురూ ఇంటికెళ్ళిపోయారు. నా పని అయిపోయిందనుకున్నాను. వరి కోతల రోజుల్లో ఆడు మళ్ళీ తాగాడు. మానినోడు మళ్ళీ తాగడాన్ని రిలాప్స్ అంటారని అప్పుడే నేర్సుకున్నాను. ఈసారి ఎవరూ లాక్కురాలేదు. తెల్లారేసరికి పిల్లని బుజం మీద ఎక్కించుకుని ఆడే వచ్చి నిలబడ్డాడు.

"అప్పా, నిన్న తాగీసినాను."

"మంచి పని సేసావు" అన్నాను.

బిత్తరపోయాడు.

"తాగినందుకు కాదురా. వచ్చినందుకు."

నా మొగుడి సేత మా అత్త నా పుస్తెల మీద ఒట్టేయించింది. అది తప్పిన నాటి నుంచి ఆయన నాకు మొహం సూపించలేక సారా కొట్టు అరుగు మీదే పడుకునేవాడు. అక్కడే పోయాడు. అందుకే ఆ తర్వాత నా దగ్గరకి ఎవరొచ్చినా ముందు ఇదే సెప్పేదాన్ని: తాగనని నాకు మాటివ్వకు, నాయనా. తాగితే మాత్రం దాక్కోకు. నా దగ్గరకి రా.