దయామణి గారి కేకు, నా తిరుగు కవరు

హాస్యం రాసేవాళ్ళకి శత్రువులు ఉంటారని విన్నాను గాని, ఆ శత్రువు మన చేతిరాతతో, మనం అతికించిన స్టాంపులతో వస్తుందని నాకు అనుభవం అయ్యేదాకా తెలియలేదు. నా రాత మొదటిసారి అచ్చులో చూసుకోవాలని బయల్దేరి చివరికి ఏం చూసుకున్నానో చెప్తాను. కాఫీ పక్కన పెట్టుకుని వినండి. నవ్వొస్తే మాత్రం కప్పు కింద పెట్టి నవ్వండి.

ఇది తొంభైల నాటి మాట. అమలాపురంలో ముప్ఫై ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పి రిటైరయ్యేను. ఊరికే కూర్చోలేక హాస్యవ్యాసాలు రాయడం మొదలుపెట్టేను. మా వారు మొదటి వ్యాసం చదివి కళ్ళజోడు తీసేరు.

"క్లాసులో నవ్విన పిల్లలందర్నీ ముప్ఫై ఏళ్ళు బెంచీ ఎక్కించేవు. ఇప్పుడు లోకాన్ని నవ్విస్తానంటే ఎలాగోయ్?" అన్నారు.

నేను పట్టించుకోలేదు.

ఇక్కడ ఒక విషయం వివరించాలి, లేకపోతే ముందు ముందు అర్థం కాదు. ఆ రోజుల్లో పత్రికకి రచన పంపితే, దాంతో పాటు ఇంకో కవరు కూడా పెట్టాలి. దాని మీద మన అడ్రసు మనమే రాసి, స్టాంపులు మనమే అతికించాలి. రచన నచ్చితే ఆ కవరు సంగతి వాళ్ళు మర్చిపోతారు. నచ్చకపోతే మన కాగితాలు అందులో పెట్టి మనకే పంపేస్తారు. దాన్నే తిరుగు కవరు అంటారు. పేరుకి తగ్గట్టు నావన్నీ తిరిగొచ్చేవి.

తిరిగొస్తే బాధ లేదండి, బాధల్లా మా పోస్టుమాన్ సూరిబాబుతోనే. చాలా మర్యాదస్తుడు. వీధి మొదట్లో ఉండగానే సైకిల్ బెల్లు కొట్టి, "ఆయ్, టీచరుగారండీ, తమరు తమకే రాసుకున్న ఉత్తరం వచ్చేసిందండీ" అనేవాడు. ఇక ఎదురింటావిడ గుమ్మంలోకి వచ్చి, జ్వరం సంగతి అడిగినట్టు, "మళ్ళీ వచ్చిందాండీ?" అని పరామర్శించేది. నాలుగుసార్లు ఓర్చుకున్నాను. ఐదోసారి ఉపాయం ఆలోచించేను.

ఆ ఉపాయం పేరు దయామణి గారు. మా బళ్ళో లెక్కల టీచరు. స్టాఫ్ రూములో ముప్ఫై ఏళ్ళు నా పక్క కుర్చీ ఆవిడదే. ఇన్నేళ్ళలో ఆవిడ నన్ను "మీరు" అనడం మానలేదు, నేనూ మానలేదు. రిటైరయ్యేక కొత్తపేటలో సొంత ఇంటికి వెళ్ళిపోయేరు. నా కష్టం చెప్పుకుంటే, "దానికేముందండీ లక్ష్మిగారూ, నా పేరు మీద రప్పించుకోండి. మా వీధిలో ఎవరూ అడగరు" అన్నారు.

ఆ మధ్యాహ్నమే కూర్చుని ఒకేసారి డజను కవర్ల మీద "శ్రీమతి దయామణి, రిటైర్డ్ టీచరు, కొత్తపేట" అని రాసి, స్టాంపులు అంటించి, రబ్బరు బ్యాండు వేసి బీరువాలో పెట్టేను. ప్రోగ్రెస్ కార్డులన్నీ ముందే రాసి పెట్టుకునే అలవాటు మరి. అప్పణ్ణించీ నా వ్యాసాలు కొత్తపేటకే తిరిగొచ్చేవి. నెల మొదట్లో ట్రెజరీ దగ్గర పెన్షన్‌కి కలిసినప్పుడు ఆవిడ వాటిని పాత పేపర్లో చుట్టి నాకు అందించేవారు. సూరిబాబు మాత్రం, "ఈమధ్య రాయడం మానేసేరాండీ?" అని దిగులుగా అడిగేవాడు.

అంతా సుఖంగా ఉన్న రోజుల్లో నేను కేకు మీద వ్యాసం రాసేను.

దయామణి గారు పాతికేళ్ళుగా క్రిస్మస్‌కి మా ఇంటికి కేకు పంపేవారు. పెద్ద డేక్సాలో ఇసక పోసి, లోపల గిన్నె పెట్టి, మూత మీద నిప్పులేసి స్వయంగా చేసేవారు. చూడ్డానికి బంగారంలా ఉండేది. కొయ్యడానికి మాత్రం వీలుండేది కాదు. ఒక ఏడు కత్తి ఒంగింది. ఒక ఏడు పాలల్లో నానబెట్టేం, మూడో రోజుకి పాలు గట్టిపడ్డాయి గాని కేకు మెత్తబడలేదు. ఒక ఏడు ఈదురుగాలికి వీధి తలుపు కొట్టుకుంటుంటే మా వారు అటూ ఇటూ చూసి, ఆ కేకు తెచ్చి తలుపుకి అడ్డం పెట్టేరు. తలుపు కదిలితే ఒట్టు. అయినా ప్రతి జనవరిలోనూ నేను స్టాఫ్ రూములో, "ఎంత బాగుందోనండీ దయామణి గారూ, మా ఇంట్లో ఒక్క ముక్క మిగల్లేదు" అనేదాన్ని.

ఇవన్నీ వ్యాసంలో రాసేను. నేను చెప్పిన అబద్ధాలతో సహా. ఆవిడని ఎవరూ గుర్తుపట్టకుండా దయామణిని కరుణామణి చేసేను, కొత్తపేటని రావులపాలెం చేసేను. అచ్చులో చదివేవాళ్ళు పక్కింటివాళ్ళని గుర్తుపడతారు గాని తమని తాము గుర్తుపట్టరని నాకో నమ్మకం. నామీద నాకే నవ్వొచ్చేంత బాగా కుదిరింది. ఫెయిర్ కాపీ రాసి, బీరువాలోంచి తిరుగు కవరు తీసి లోపల పెట్టి, పోస్టాఫీసు ఎర్ర పెట్టెలో వేసి, హాయిగా ఇంటికొచ్చేను.

వచ్చి, మిగిలిన కవర్లకి రబ్బరు బ్యాండు వేస్తూ పైదాని మీద అడ్రసు చదివేను.

చదివేసరికి సంగతి వెలిగింది. వ్యాసం వాళ్ళకి నచ్చకపోతే, కరుణామణి కేకు కథ, నా చేతిరాతతో, సరాసరి దయామణి గారి చేతికి వెళ్తుంది. ముప్ఫై ఏళ్ళ స్నేహం. పాతికేళ్ళ పొగడ్తలు. అన్నిటికీ కలిపి ఒకే కవరు.

చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా పోస్టాఫీసుకి పరుగెత్తేను. పెట్టె తియ్యడానికి వచ్చినాయన సంచి నింపుతున్నాడు.

"నాయనా, ఆ గోధుమరంగు కవరు నాదే. ఒక్కసారి ఇలా ఇయ్యి."

"పెట్టెలో పడేదాకా తమదండీ. పడ్డాక గవర్నమెంటుదండీ."

"నేను రాసిందే కదా."

"ఆయ్, రాసింది తమరేనండీ," అని ఎంతో గౌరవంగా సంచి మూతి కట్టేసేడు.

ఇక రెండే దారులు. వ్యాసం అచ్చు కావాలి, లేదా తిరిగొచ్చిన కవరుని దయామణి గారి కంటే ముందు నేను అందుకోవాలి. నా వ్యాసాల చరిత్ర నాకు తెలుసు కనక రెండో దారే పట్టేను. నావి సాధారణంగా మూడో వారంలో తిరిగొస్తాయి. కొత్తపేటలో టపా పదకొండుకి వస్తుంది. మూడో వారం సోమవారం పొద్దున్నే కొత్తపేట బస్సెక్కేను.

"ఏంటండీ ఇలా వచ్చేరు?" అన్నారు దయామణి గారు.

"పలివెల గుళ్ళో దర్శనం చేసుకుని, అలా మిమ్మల్ని చూసి పోదామని," అన్నాను. వీధి అరుగు మీదే కూర్చున్నాను. లోపలికి రమ్మంటే ఉక్క అన్నాను. పోస్టుమాన్ వచ్చేడు, ఏమీ ఇవ్వకుండా వెళ్ళిపోయేడు. నేనూ లేచేను.

మంగళవారం గోంగూర కోసమని వెళ్ళేను. "అమలాపురంలో గోంగూర దొరకడం లేదాండీ?" అని ఆవిడ ఆశ్చర్యపోయేరు. తిరిగి వచ్చేటప్పుడు గొడుగు కావాలనే మర్చిపోయేను. బుధవారం గొడుగు కోసం వెళ్ళేను. అది తెచ్చుకుంటూ కళ్ళజోడు అక్కడ పెట్టి వచ్చేను. గురువారం కళ్ళజోడు కోసం వెళ్ళేసరికి దయామణి గారు నా పక్కన అరుగు మీద కూర్చుని, నా చెయ్యి పట్టుకున్నారు.

"లక్ష్మిగారూ, నా దగ్గర దాచకండి. ఇంట్లో మాస్టారు ఏమైనా అన్నారా?"

"అబ్బే, ఏమీ అనలేదండీ."

"అనకపోవడం కూడా కష్టమేలెండి. ఇది మీ ఇల్లే అనుకోండి. పక్క కూడా వేయించేను."

ఆవిడ కళ్ళల్లో నీళ్ళు. ఆ కళ్ళల్లోకి చూస్తూ కూడా నా చెవి సైకిల్ బెల్లు మీదే ఉందంటే నేనెంత పాపినో చూడండి.

శుక్రవారమూ వెళ్ళొచ్చేను. శనివారం మా ఇంటికి కార్డొచ్చింది. సూరిబాబు చదివి మరీ ఇచ్చేడు కాబోలు, మా వారి వంక అదోలా చూసేడు. మా వారు పైకి చదివేరు. "మాస్టారికి నమస్కారాలు. లక్ష్మిగారు చాలా మంచి మనిషి. వయసు మీద పడ్డాక చిన్న చిన్న మాటలకి మనసు నొచ్చుకుంటుంది. తమరు పెద్ద మనసు చేసుకుని, కసురుకోవడం తగ్గించుకోవాలని ప్రార్థిస్తూ, దయామణి."

మా వారు కార్డు మడిచి జేబులో పెట్టుకున్నారు. "నేను కసురుకుంటానా?"

"లేదండీ."

"మరి వారం రోజులుగా రోజూ ఎక్కడికి వెళ్తున్నావు?"

చెప్పక తప్పలేదు. కేకు దగ్గర్నించీ చెప్పేను. ఆయన నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నారు. తర్వాత, "ఇక చాలు. నువ్వు మళ్ళీ అక్కడికి వెళ్తే నన్ను పోలీసులకి పట్టిస్తారావిడ. సోమవారం ఇంట్లో ఉండు" అన్నారు. సోమవారం ఇంట్లో ఉన్నాను.

సరిగ్గా ఆ సోమవారమే కవరు కొత్తపేట చేరింది.

నాకా సంగతి ఎలా తెలిసిందంటే, ఆ నెల పెన్షన్ రోజున ట్రెజరీ దగ్గరికి దయామణి గారు రాలేదు. ముప్ఫై ఏళ్ళలో ఎండకి గాని వానకి గాని నాగా పెట్టని మనిషి. ఇక సాకులేవీ వెతుక్కోకుండా బస్సెక్కేను. దారంతా ఒకటే ఆలోచన, క్షమించమని ఏ మాటతో మొదలుపెట్టాలా అని. ముప్ఫై ఏళ్ళు తెలుగు చెప్పినదాన్ని, అంబాజీపేట దాటినా ఒక్క వాక్యం కుదరలేదు.

ఆవిడ అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఒళ్ళో నా కాగితాలు. చేతిలో ఎర్రసిరా పెన్ను. నన్ను చూసి, రండి అనలేదు, పక్కకి జరిగేరు. కూర్చున్నాను.

"నిజంగా తలుపుకి అడ్డం పెట్టేరా?"

"ఒక్కరోజేనండీ. గాలికి."

ఆవిడ తల ఊపి, ఎర్రసిరాతో ఆ వాక్యం పక్కన టిక్కు పెట్టేరు.

"అసలు కవరు విప్పేరేంటండీ?" అన్నాను, నేరం నాదైనా.

"నా పేరున వచ్చిన కవరు నేను విప్పక ఎవరు విప్పుతారండీ? మీవన్నీ చదువుతూనే ఉన్నాను. దోమతెర మీద రాసింది బాగుంది. బస్సు మీద రాసింది సాగింది." అని, గొంతు తగ్గించి, "లక్ష్మిగారూ, కేకు మెత్తబడాలంటే గుడ్లు వెయ్యాలండీ. మీ ఇంట్లో గుడ్డు గుమ్మం దాటదు కదా. మీ అత్తగారున్న రోజుల్లో, ఆవిడకి అనుమానం రాకూడదని వేరే కొత్త గిన్నె కొన్నాను. మా ఇంటి కేకు అయ్యేక, మళ్ళీ డేక్సా కడిగి, మీ కోసం గుడ్డు లేకుండా ఇంకోటి చేసేదాన్ని. గట్టిగా వస్తోందని తెలుసు. కానీ మీరు ఒక్క ముక్క మిగల్లేదన్నారు. ఇష్టంగా తింటున్నారు కదా అని ప్రతి ఏడూ నిప్పుల దగ్గర కూర్చున్నాను."

ఆ అరుగు చీలిపోయి నేను అందులోకి దిగిపోతే బాగుండును అనిపించింది. "క్షమించండి" అని మాత్రం అన్నాను.

"మొదటిసారి చదివినప్పుడు ఏడుపొచ్చింది," అన్నారావిడ. "రెండోసారి నవ్వొచ్చింది, పాలు గట్టిపడ్డ చోట. మూడోసారి ఈ చీటీ చూసేను. అప్పుడొచ్చిందండీ కోపం."

చీటీ నా చేతిలో పెట్టేరు. పత్రిక వాళ్ళు కవర్లో పెట్టి పంపింది. 'కేకు గట్టిదనం విషయంలో అతిశయోక్తి మితిమీరింది. నమ్మశక్యంగా లేదు.'

"నమ్మశక్యంగా లేదట," అన్నారు దయామణి గారు. ముప్ఫై ఏళ్ళలో ఆవిడ గొంతు అంత పైకి లేవడం నేను వినలేదు. "మీరు రాసిన ప్రతి ముక్కా నిజం. అబద్ధమంటాడా? మీ తప్పు ఒక్కటే, కత్తి ఒంగిందన్నారు గాని ఎన్ని డిగ్రీలో రాయలేదు. నేను రాసి పెట్టేను చూడండి. మీరు మళ్ళీ ఫెయిర్ చెయ్యండి. దాంతో పాటు నేను కేకు చేసి రుజువుగా పంపుతాను. కొరికి చూసి మాట్లాడమనండి."

నేను ఆనందంతో ఆ అరుగు మీదే మూడు పేజీలు ఫెయిర్ చేసేను. స్నేహం నిలిచింది, పైగా సాక్ష్యం దొరికింది. ఇంతకన్నా అదృష్టం ఏ రచయితకి పడుతుందండీ? మర్నాడు వ్యాసం, కేకు కలిపి బస్సు పార్సెల్లో వెళ్ళిపోయేయి. పంపినవారి పేరు దగ్గర ఆవిడ పేరే రాసేం.

పది రోజులకి జవాబు వచ్చింది. ఇద్దరం ఆ అరుగు మీదే కూర్చుని చదివేం. 'కేకు అందింది. నోట్లో వేసుకుంటే కరిగిపోయింది. దీనితో, వ్యాసంలో అతిశయోక్తి ఉందన్న మా అభిప్రాయం బలపడింది. కేకు తయారీ విధానం పంపగలిగితే వంటల పేజీలో సంతోషంగా వేసుకుంటాం.'

నేను ఉత్తరం దించి ఆవిడ వంక చూసేను. ఆవిడ కొబ్బరిచెట్టు వంక చూస్తున్నారు.

"దయామణి గారూ, గుడ్లు వేసేరా?"

"ఆరు వేసేనండీ."

"మనం పంపింది రుజువు కదండీ."

"రుజువేలెండి. కానీ పార్సెల్ మీద నా పేరుంది. ముక్కూ మొహం తెలియనివాళ్ళకి ఆ రాయి పంపితే నా పరువేం కావాలి? మీరంటే సొంత మనిషి, ఏది పెట్టినా తింటారు."

నేను నవ్వడం మొదలుపెట్టేను. ఆవిడా మొదలుపెట్టేరు. అటు వెళ్ళే పోస్టుమాన్ సైకిల్ ఆపి, ఇద్దరికీ ఒంట్లో బాగానే ఉందా అని అడిగి వెళ్ళేడు.

తయారీ విధానం ఆవిడ రాస్తే లెక్క సాధనలా వచ్చింది, చివర "కనుక కేకు సిద్ధము" అని కూడా ఉంది. అందుకని నేనే కూర్చుని మంచి తెలుగులో రాసేను. పై నెలలో అచ్చయింది, శ్రీమతి దయామణి, కొత్తపేట అన్న పేరుతో. ఒక్క అక్షరం తియ్యలేదు, కలపలేదు. పదకొండు హాస్యవ్యాసాలు తిరగ్గొట్టిన పత్రికలో, ఈ చేత్తో రాసి మొట్టమొదట అచ్చుకెక్కిన రచన ఆరు గుడ్ల కేకు. దాని రుచి ఎలా ఉంటుందో ఈరోజుకీ నాకు తెలియదు.