ఆమ్లెట్ కౌంటర్ దగ్గర బేస్‌బాల్ జోస్యం

గల్ఫ్‌లో, జుఫైర్ అనే చోట నేను పనిచేసే హోటల్లో పొద్దున ఆరింటికి టిఫిన్ హాలు తెరుస్తాం. అక్టోబరు వచ్చిందంటే అక్కడి పెద్ద టీవీలో బేస్‌బాల్ తప్ప ఇంకోటి పెట్టడానికి ఉండదు. పక్కనే అమెరికా వాళ్ల నేవీ బేస్ ఉంది. అక్కడ పనిచేసేవాళ్లు చాలామంది మా దగ్గరే తింటారు. వాళ్ల దేశంలో రాత్రి మొదలైన ఆట మాకు తెల్లవారేసరికి ముగింపుకొస్తుంది. ఏడాదంతా ఆడి మిగిలిన కొద్ది జట్లు ఆ నెలలోనే ఒకదాన్నొకటి ఓడించి ఇంటికి పంపుకుంటాయి.

ఆమ్లెట్లు వేసే అన్నది కోరుట్ల దగ్గర పల్లె. నాది ఆర్మూరు వైపు. పదేళ్లు ఒకే గదిలో ఉన్నాం. ఆయనకు బేస్‌బాల్ ఎవరూ నేర్పలేదు. కౌంటరుకు ఎదురుగా టీవీ ఉండటంతో, పెనం మీద గుడ్డు పొంగేలోపు తలెత్తి చూసీ చూసీ తెలుసుకున్నాడు. జట్ల పేర్లు నోరు తిరక్క టోపీల రంగులతో పిలిచేవాడు.

"బంతి ఇసిరెటోని భుజం జూడు తమ్మీ," అనేవాడు. "బ్యాటు వట్టినోన్ని జూస్తె ఏం దెలుస్తది? ఇసిరెటోడు అలిసిండంటె భుజం కిందికి జారుతది. ఇగ ఆ జట్టు పని అయిపోయినట్టే."

తెల్లజుట్టు నేవీ పెద్దాయన ఒకరు రోజూ ప్లేటు పట్టుకుని నిలబడి, "రేపు ఎవరు?" అని అడిగేవాడు. అన్న ఎర్ర టోపీలనో నీలం టోపీలనో చెబితే ఆయన కాగితం రుమాలు మీద రాసుకునేవాడు. ఒక ఏడాది మొదటి ఆట నుంచి చివరి ఆట దాకా ఒకట్రెండు తప్ప అన్న చెప్పినవన్నీ జరిగాయి. ఆ పెద్దాయన హాలు మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టాడు. అన్న సిగ్గుపడి పెనం కేసి తల దించుకున్నాడు.

రెండేళ్ల కిందటి అక్టోబరులో మాత్రం మొదటి వారమే నాలుగు జోస్యాలు తప్పాయి. "ఏమైంది షెఫ్, నిద్రలో చెబుతున్నావా?" అని పెద్దాయన ఆట పట్టించాడు. అన్న కూడా నవ్వాడు. ఐదో రోజు నేను ఎంగిలి ప్లేట్లు తీసుకుని కౌంటరు పక్కనుంచి పోతుంటే మెల్లగా అడిగాడు:

"తమ్మీ, నీలం టోపోళ్లు ఎన్ని కొట్టిన్రు?"

తెరమీద అంకె అరచెయ్యంత ఉంది. చెప్పాను. "ఇసిరెటోడు ఎడమచేతోడా?" అన్నాడు. అప్పుడు ఆయన ముఖం చూశాను. మెడ కొంచెం పక్కకు తిప్పి, కంటి కొసతో టీవీని వెతుకుతున్నాడు.

మధ్యాహ్నం డ్యూటీ అయ్యాక గదిలో అడిగాను. "అన్నా, నీకు కనబడ్తలేదా?"

మంచం అంచు తడిమి కూర్చున్నాడు. "నడిమిట్ల మబ్బు గమ్మినట్టుంటది. అంచులకు కనవడ్తది."

"ఎప్పటిసంది?"

"రంజాన్ పోయినకాంచి."

ఆయనకు షుగర్ ఉంది. గోలీలు గుర్తొస్తే వేసుకునేవాడు. దవాఖానకు పోదాం లెమ్మన్నాను. నా మణికట్టు పట్టుకున్నాడు. "తెలిస్తె ఇంటికి పంపుతరు తమ్మీ. బిడ్డ నర్సింగు ఇంకొక్క ఏడాదుంది. గప్పటిదాక ఆగు. ఎవ్వలకు చెప్పకు."

సరే అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

మర్నాటి నుంచి ఉల్లిపాయ, మిర్చి, టమాటా, చీజ్ గిన్నెలను రోజూ ఒకే వరసలో పెట్టేవాణ్ని, చేత్తో తడిమితే దొరికేటట్టు. ఆమ్లెట్ తిప్పే వేళ ఆయనకు చప్పుడుతోనే తెలిసేది. ఒక్కటీ మాడలేదు. ప్లేట్లు తుడుస్తూ పక్కనే నిలబడి టీవీలో ఏం జరుగుతోందో చెప్పేవాణ్ని.

"భుజం జారిందా?"

"జారలేదనిపిస్తుందన్నా."

నాకు అంత చూపు ఎక్కడిది? అయినా నా మాటలు పట్టుకుని ఆయన చెప్పినవి రెండు నిజమయ్యాయి. పెద్దాయన సంబరపడ్డాడు. నేనూ పడ్డాను. గుట్టు బయటపడకుండా నెట్టుకొస్తున్నామన్న సంతోషంలో, ఆ కళ్ల లోపల ఏం జరుగుతోందో ఆలోచించడమే మానేశాను.

చివరి జట్లు రెండు మిగిలిన వారంలో, హాలు నిండా జనం ఉన్న పొద్దున, అన్న నూనె పెనంలో కాకుండా పక్కన మంట మీద పోశాడు. భగ్గుమని చొక్కా చెయ్యి అంటుకుంది. తడిగుడ్డతో నేనే ఆర్పాను. దవాఖానలో చేతికి కట్టు కట్టారు. సంతకానికి ఇచ్చిన పెన్ను కోసం ఆయన గాలిలో వెతకడం చూసి, నర్సు కళ్ల డాక్టరమ్మను పిలిచింది.

ఆమె చాలాసేపు పరీక్ష చేసి హిందీలో చెప్పింది. షుగర్ వల్ల కళ్ల లోపల రక్తం చిమ్మింది, ఎడమ కంటికి చూపు ఇక రాదు, కుడికంటిది కొంత నిలబెట్టవచ్చు. "మూడు వారాల ముందు తీసుకొచ్చి ఉంటే?" అన్నాను. "రెండూ నిలిచేవేమో," అంది. మూడు వారాల ముందు నేను గిన్నెలు వరసగా పేరుస్తున్నాను.

మర్నాడు పెద్దాయన షెఫ్ ఏడని అడిగితే ఉన్నది చెప్పాను. చేతిలోని ప్లేటు బల్లమీద పెట్టేశాడు. "నేను ఎగతాళి చేశానే," అన్నాడు. ఆ రోజు ఏమీ తినకుండా వెళ్లిపోయాడు.

హోటలు వాళ్లు అన్నను పద్ధతిగానే ఇంటికి పంపించారు. ఎయిర్‌పోర్టులో ఆయన చెయ్యి పట్టుకుని నడిపిస్తూ, "నేను అప్పుడే చెప్పేదుండె అన్నా," అన్నాను.

"నేను ఒద్దన్న, నువ్వు ఆగినవ్. అంతే తమ్మీ," అన్నాడు. నీ తప్పేం లేదని మాత్రం అనలేదు.

కిందటి అక్టోబరులో ఫోన్ చేశాను. ఆట మొదలైందనీ, ఈసారి ఎవరెవరు మిగిలారో అనీ చెప్పడం మొదలుపెట్టాను. కొద్దిసేపు విన్నాడు.

"గా ముచ్చట ఇప్పుడు నాకెందుకు తమ్మీ," అన్నాడు మెత్తగా. "బిడ్డ కండ్లల్ల మందేస్తనంటంది. ఉంట మరి."

తను ఫోన్ పెట్టేశాననుకున్నాడు. మీట దొరకలేదేమో, లైను తెగలేదు. అవతల కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది.

"పైకి చూడు బాపూ," అంది ఆ అమ్మాయి.

"చూస్తున్న బిడ్డా," అన్నాడు.

ఇంకాసేపు విని, నేనే పెట్టేశాను.